మోరాలో ఏం కొనాలి, ఏది వదిలెయ్యాలి

స్టాక్‌హోమ్‌లో ఉద్యోగం చేస్తున్న ఒక తెలుగు అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. రాజమండ్రి నుంచి అమ్మానాన్న జూన్‌లో వస్తున్నారట. వాళ్ళను డాలర్నా ప్రాంతంలోని మోరా పట్టణానికి ఒక రోజు తీసుకెళ్ళాలని ఉందట. ఊళ్ళో పాతికమందికి ఏదో ఒకటి పట్టుకెళ్ళాలి, అమ్మగారు శాకాహారి, లగేజీ బరువుకు లెక్క ఉంది. టూరిస్టు షాపుల్లో డబ్బు తగలెయ్యకుండా, అక్కడే తయారైన అసలు వస్తువులు ఎక్కడ దొరుకుతాయో చెప్పమన్నారు.

నేను ఉండేది అదే డాలర్నాలో, బోర్‌లెంగెలో. ఇండియా నుంచి మాకు తెలిసినవాళ్ళు ఎవరొచ్చినా మోరా చూపించడం చాలా ఏళ్ళుగా నా పనే. అందుకని కాస్త వివరంగానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందుగా ఒక మాట. మోరా లాంటి చిన్న ఊళ్ళో డబ్బు రెండు చోట్లే పెట్టండి. ఒకటి, ఆ చుట్టుపక్కల పల్లెల్లో చేత్తో చేసిన వస్తువు. అది ఒకటో రెండో చాలు, మంచిది కొనండి. రెండోది, ఊళ్ళో జనం రోజూ సరుకులు తెచ్చుకునే మామూలు సూపర్‌మార్కెట్. పాతికమందికి పంచేవన్నీ అక్కడే దొరుకుతాయి. మధ్యలో స్వీడన్ జెండా టీషర్టులు, మగ్గులు, ఫ్రిజ్ మాగ్నెట్లు, రబ్బరు దుప్పి బొమ్మలు కనిపిస్తాయి. వాటిని వదిలెయ్యండి. అవి స్టాక్‌హోమ్ పాతబస్తీలోనూ ఉంటాయి, ఎయిర్‌పోర్టులోనూ ఉంటాయి. వాటి కోసం ఇంత దూరం రావక్కర్లేదు.

స్టాక్‌హోమ్ నుంచి మోరాకు నేరుగా రైలుంది, దాదాపు 4 గంటలు. పొద్దున వచ్చి రాత్రికి వెళ్ళిపోవచ్చు గానీ, పెద్దవాళ్ళతో అది పరుగే అవుతుంది. వీలైతే ఒక రాత్రి ఉండండి. లెక్సాండ్ దాటాక రైలు సిల్యాన్ సరస్సు పక్కనుంచి వెళ్తుంది. ఆ కాసేపు మీ నాన్నగారిని కిటికీ దగ్గర కూర్చోబెట్టండి.

తేదీల విషయంలో మాత్రం జాగ్రత్త. జూన్‌లో మిడ్‌సొమ్మర్ పండగ వస్తుంది. పండగ ముందు రోజు ఎప్పుడూ శుక్రవారమే, 19 నుంచి 25 లోపు ఏదో ఒక తేదీన పడుతుంది. స్వీడన్‌కు అదే అసలైన పండగ రోజు. ఆ శుక్ర, శనివారాల్లో షాపుల్లో చాలావరకు మూసే ఉంటాయి. పండగ చూడాలనుకుంటే అంతకంటే మంచి చోటు లేదు. లెక్సాండ్‌లో జరిగే మిడ్‌సొమ్మర్ దేశంలోనే పెద్ద వేడుకల్లో ఒకటి, జనం వేలల్లో వస్తారు. పండగా షాపింగూ రెండూ కావాలంటే మాత్రం షాపింగ్‌ను బుధవారానికో గురువారానికో పెట్టుకోండి. మామూలు వారాల్లోనూ ఇక్కడ మన ఊళ్ళలోలాగా రాత్రి తొమ్మిది దాకా బజారు ఉండదు. పనిరోజుల్లో సాయంత్రం ఆరుకు, శనివారం మధ్యాహ్నం రెండు మూడింటికి చాలా షాపులు కట్టేస్తారు. ఆదివారం కొన్ని అసలు తెరవరు. సూపర్‌మార్కెట్లు మాత్రం రోజూ రాత్రి దాకా ఉంటాయి. కాబట్టి చేతిపని వస్తువులు పగలు చూసుకొని, తినేవి చివర్లో కొనుక్కోండి.

ఇక అసలు సంగతి, డాలా గుర్రం. ఎర్రరంగు, మెడ మీద, నడుం మీద పువ్వుల జీను, తోక లేని ఆ చెక్క గుర్రం ఇప్పుడు స్వీడన్ మొత్తానికీ గుర్తు అయిపోయింది. పుట్టింది మాత్రం మోరా చుట్టూ ఉన్న నాలుగు పల్లెల్లో: బెర్గ్‌కార్లోస్, రీసా, వట్‌నెస్, నూస్‌నెస్. ఆ ఊళ్ళలో గడియారాల చెక్కపెట్టెలు, బల్లలు, కుర్చీలు చేసే పనివాళ్ళు ఉండేవాళ్ళు. మిగిలిన చెక్కముక్కలతో చలికాలం రాత్రుళ్ళు పిల్లల కోసం గుర్రాలు చెక్కేవాళ్ళు. అడవిలో చెట్లు కొట్టడానికి పోయి గుడిసెల్లో ఉండే కూలీలూ అదే పని చేసేవాళ్ళు. పొలంలో, అడవిలో ఇంటికి అన్నం పెట్టేది గుర్రమే కాబట్టి బొమ్మ కూడా గుర్రమే అయింది. రాత్రి బసకు, తిండికి బదులుగా కూడా ఈ బొమ్మలు ఇచ్చేవాళ్ళు. 1939లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో స్వీడన్ మంటపం ముందు ఒక పెద్ద గుర్రాన్ని నిలబెట్టారు. ఆ తరవాత అమెరికా నుంచి ఆర్డర్లు వరదలా వచ్చాయి. పల్లెటూరి ఆటబొమ్మ ఒక దేశానికి గుర్తుగా మారిన సంవత్సరం అదే.

ఈ గుర్రం కొనడానికి మోరా బజారులో ఆగకండి. నేరుగా నూస్‌నెస్ వెళ్ళండి. మోరా నుంచి సుమారు 10 కిలోమీటర్లు, సరస్సు ఒడ్డునే. అక్కడ ఒకదానికొకటి దగ్గర్లోనే రెండు కార్ఖానాలు ఉన్నాయి. గ్రన్నాస్ ఎ. ఓల్సన్ వాళ్ళది 1922 నాటిది, నిల్స్ ఓల్సన్ వాళ్ళది 1928 నాటిది. రెండూ కుటుంబాలు మొదలుపెట్టినవే, రెండింటికీ షాపులున్నాయి, లోపలికి వెళ్ళి పని చూడొచ్చు, టికెట్ లేదు. బస్సు ఉంది కానీ రోజుకు కొన్ని సర్వీసులే. ఇక్కడి బస్సుల సంస్థ డాలాట్రఫీక్ యాప్‌లో వెళ్ళే బస్సుతో పాటు తిరిగొచ్చే బస్సు కూడా చూసుకున్నాకే బయల్దేరండి. నలుగురు కలిసి వెళ్తుంటే కారు అద్దెకు తీసుకోవడమే నయం.

పని చూడాలంటే శని, ఆదివారాలు కాకుండా వారం మధ్యలో వెళ్ళండి. సెలవురోజుల్లో షాపు ఉన్నా రంగులు వేసేవాళ్ళ బల్లలు ఖాళీగా ఉండే అవకాశం ఎక్కువ. వాళ్ళ పని చూడకుండా గుర్రం కొంటే అందులో సగం ఆనందం పోయినట్టే. పైన్ దుంగను పలకలుగా కోసి, దాని మీద అచ్చుతో గుర్రం ఆకారం గీస్తారు. రంపం మిషన్ మీద ముతకగా కోస్తారు. అక్కడి నుంచి పనంతా చేతుల్లోకి వస్తుంది. ఆ ముక్కలను చుట్టుపక్కల ఇళ్ళలో ఉండే చెక్కుడు పనివాళ్ళకు ఇస్తారు. వాళ్ళు కత్తితో మెడ వంపు, చెవులు, కాళ్ళు తీర్చి తిరిగి పంపుతారు. తరవాత ప్రైమర్‌లో ముంచి, గుంటలు పడ్డచోట లప్పం పెట్టి, గరుకు కాగితంతో నున్నగా చేసి, రంగులో ముంచుతారు. చివరికి పువ్వుల పని, ఆపైన వార్నిష్.

ఆ పువ్వుల పని దగ్గర మీ అమ్మగారు చాలాసేపు నిలబడిపోతారు. ఒకే కుంచె మీద రెండు రంగులు తీసుకొని ఒక్క ఊపులో ఆకునో రేకునో లాగుతారు. ఒక అంచు ముదురుగా, రెండో అంచు తేటగా వస్తుంది. రీసా పల్లెకు చెందిన స్టీకా ఎరిక్ హన్సన్ అనే ఆయన 19వ శతాబ్దంలో ఈ పద్ధతి తెచ్చాడని ఇక్కడ చెబుతారు. ఈ పువ్వుల శైలి పేరు కుర్బిట్స్. ఇదే డాలర్నాలో పాత పెట్టెల మీద, గోడల మీద, అల్మారాల మీద కూడా కనిపిస్తుంది. కింద పెన్సిల్ గీత ఏమీ ఉండదు. చెయ్యి ఒకసారి కదిలిందంటే అంతే, దిద్దడానికి లేదు. మా అత్తగారికి సంక్రాంతి ముగ్గులంటే ప్రాణం. ఆమె అక్కడ ఒక బల్ల ముందు నిలబడి, ఎంత పిలిచినా కదల్లేదు. చేత్తో గీత గీయడం తెలిసినవాళ్ళకు ఆ పని విలువ ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

అసలు గుర్రాన్ని ఎలా గుర్తుపట్టాలని అడిగారు. కొండపల్లి బొమ్మను చేతిలోకి తీసుకొని చూసే అలవాటు ఉన్నవాళ్ళకు ఇది కష్టం కాదు. మొదట తిప్పి పొట్ట కింద చూడండి, తయారు చేసినవాళ్ళ గుండ్రటి కాగితం చీటీయో ముద్రో ఉంటుంది. రెండోది, పువ్వుల మీద వేలు మెల్లగా రాయండి. కుంచెతో వేసిన రంగు కాస్త ఉబ్బుగా తగులుతుంది. అచ్చు వేసినదైతే చదునుగా ఉంటుంది. మూడోది అన్నిటికంటే నమ్మకమైనది: ఒకే సైజువి నాలుగు పక్కపక్కన పెట్టి చూడండి. చెవుల కోణం, మూతి మందం, రేకుల వంపు వేటికవే కొద్దిగా వేరుగా ఉండాలి. నాలుగూ అచ్చుగుద్దినట్టు ఉంటే పక్కన పెట్టెయ్యండి. నాలుగిట్లో మీ కళ్ళకు నచ్చిన మొహం ఉన్నదాన్నే తీసుకోండి. గుర్రాలకు నిజంగానే వేరువేరు మొహాలుంటాయి. నేను ఈ ఎంపికకు చాలా సమయం తీసుకుంటాను, మీరూ తొందరపడకండి.

సైజులు బొటనవేలంత మూడు సెంటీమీటర్ల దాని నుంచి పిల్లలు ఎక్కి కూర్చునేంత దాకా ఉంటాయి. ధర ఎత్తుతో పాటు గబగబా పెరుగుతుంది, ఎందుకంటే చెక్కే పనీ పువ్వుల పనీ రెండూ పెరుగుతాయి. ఇంట్లో పెట్టుకోవడానికి 10 లేదా 13 సెంటీమీటర్లది చక్కగా ఉంటుంది. షోకేసులో కంటికి ఆనుతుంది, సూట్‌కేసులో సర్దుకుపోతుంది. దగ్గరివాళ్ళు ముగ్గురు నలుగురికి మూడు నుంచి ఏడు సెంటీమీటర్ల మధ్యవి తీసుకోండి. పాతికమందికీ గుర్రాలే కొనాలనుకోకండి, బడ్జెట్ దాటిపోతుంది. చిన్న మచ్చో, రంగులో తేడానో ఉన్న సరుకును కొన్ని కార్ఖానాలు తగ్గింపు ధరకు వేరే అరలో పెడతాయి. వెళ్ళగానే అలాంటివి ఉన్నాయా అని అడగండి, అడగడంలో తప్పేమీ లేదు.

రంగుల్లో నా ఓటు ఎరుపుకే. నీలం, తెలుపు, నలుపు, ఇంకా కొత్త కొత్త రంగులూ వస్తున్నాయి, కొన్ని అందంగానే ఉంటాయి. కానీ ఎరుపుకు ఈ నేలతో బంధం ఉంది. స్వీడన్ పల్లెటూళ్ళలో చెక్క ఇళ్ళన్నిటికీ వేసే ఆ ముదురు ఎరుపు రంగు ఇదే డాలర్నాలోని ఫాలూన్ రాగి గని నుంచి వచ్చింది. గనిలో తవ్వకం 1992లో ఆగిపోయినా, అక్కడ పోగుపడిన మట్టి నుంచి ఆ రంగు ఇప్పటికీ తయారవుతోంది. 2001 నుంచి ఆ గని ప్రాంతం యునెస్కో వారసత్వ స్థలం. మోరా వెళ్ళేటప్పుడు రైలు కిటికీలోంచి ఎర్ర ఇళ్ళు వరసగా కనిపిస్తూనే ఉంటాయి. అవన్నీ చూశాక ఎర్ర గుర్రం చేతిలోకి తీసుకుంటే అది ఎక్కడిదో మీకే తెలుస్తుంది.

మీ చుట్టాల్లో చిన్నపిల్లలు ఉంటే రంగు వెయ్యని ఉత్త చెక్క గుర్రాలు అడగండి. కాగితంలో చుట్టి తీసుకెళ్తే పిల్లలు అక్కడ వాళ్ళ రంగులతో వాళ్ళే వేసుకుంటారు. నేను ఇచ్చిన బహుమతుల్లో పిల్లలు ఇప్పటికీ గుర్తు చేసేది అదే. మీ ఇంట్లో సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే అలవాటు ఉంటే అమ్మగారికి వేరే చెప్పాల్సిన పనే లేదు. డాలా గుర్రం కొలువులో బాగా కుదురుతుంది. ఇక్కడ స్వీడన్‌లో ఉండే తెలుగువాళ్ళ ఇళ్ళలో ఏటికొకటి చొప్పున చేర్చుకుంటూ వస్తున్నవాళ్ళు నాకు తెలుసు.

గుర్రం తరవాత మోరా పేరు ప్రపంచానికి తెలిసింది కత్తులతో. మోరాకు ఉత్తరాన ఓస్ట్‌నోర్ అనే పల్లెలో 1891లో ఫ్రాస్ట్ ఎరిక్ ఎర్సన్ పెట్టిన కార్ఖానాయే ఇప్పటి మోరాక్నీవ్ కంపెనీకి మూలం. ఎర్రరంగు బర్చ్ చెక్క పిడి ఉన్న పాత పద్ధతి కత్తి ఒకటుంది. మీ నాన్నగారికి తోటపనో, చెక్కపనో ఇష్టమైతే జీవితాంతం వాడుకుంటారు. ధర కూడా డాలా గుర్రంతో పోలిస్తే తక్కువే. ప్లాస్టిక్ పిడివి ఇంకా చవక, పనిలో ఏ మాత్రం తీసిపోవు. అయితే కొన్న కత్తిని ప్యాకెట్ విప్పకుండా బ్యాగు అడుగున పెట్టండి. సరైన కారణం లేకుండా బహిరంగ ప్రదేశాల్లో కత్తి వెంట ఉంచుకోవడం స్వీడన్ చట్టం ప్రకారం నేరం. విమానంలో చెక్ఇన్ బ్యాగులోనే పెట్టాలి, చేతిసంచిలో పొరపాటున కూడా వద్దు.

మోరాకు ఉత్తరానే వోమ్‌హూస్ అని మరో పల్లె ఉంది. ఆ ఊరి ఆడవాళ్ళు మనిషి వెంట్రుకలతో గొలుసులు, చెవిదిద్దులు, బ్రోచీలు అల్లేవాళ్ళు. 19వ శతాబ్దంలో అదే పని చేతపట్టుకొని జర్మనీ, రష్యా, ఇంగ్లండ్ దాకా నడిచి, తిరిగి సంపాదించి ఇంటికి పంపారు. ఆ విద్య ఇంకా అక్కడ బతికే ఉంది. మనవాళ్ళలో చాలామందికి వెంట్రుకల నగ అంటే మనసొప్పదు, కొనమని నేను చెప్పను. చూడటానికి మాత్రం వదులుకోవద్దు, అంత సన్నని అల్లిక ఇంకెక్కడా దొరకదు. అదే ఊళ్ళో చెక్క బద్దలతో అల్లిన బుట్టలు కూడా ప్రసిద్ధి. చిన్న బుట్టయితే తీసుకోవచ్చు. లోపల మిగతా సామాను పెట్టుకుంటే చోటు కూడా వృథా కాదు.

ఇక మోరా ఊళ్ళోకి వద్దాం. చర్చి దగ్గర సోర్న్ మ్యూజియం ఉంది. చిత్రకారుడు ఆండెర్స్ సోర్న్ (1860–1920) ఈ ఊరివాడే. ఆయన గీసిన డాలర్నా పల్లె జనం, నీళ్ళ మీద వెలుగు, అవన్నీ పోస్టుకార్డులుగా, ప్రింట్లుగా మ్యూజియం షాపులో దొరుకుతాయి. పోస్టుకార్డుకు బరువు లేదు, పగలదు, ఫ్రేము కట్టిస్తే గోడకు నిండుగా ఉంటుంది. టీచర్లకు, స్నేహితులకు నేను ఎక్కువగా ఇచ్చేది ఇవే. పక్కనే వాసాలోపెట్ స్కీ పందెం ముగిసే ద్వారం ఉంటుంది. సేలెన్ నుంచి మోరా దాకా 90 కిలోమీటర్ల ఆ పందెం 1922లో మొదలైంది, ఏటా మార్చి మొదటి ఆదివారం జరుగుతుంది. దాని గుర్తుతో ఉన్న టోపీలు, బనీన్లు అమ్మే షాపు కూడా ఉంది. పరుగులు, సైకిళ్ళు ఇష్టపడే తమ్ముడో బావగారో ఉంటే తప్ప అక్కడ ఖర్చు పెట్టక్కర్లేదు. ద్వారం కింద ఫోటో మాత్రం తీసుకోండి. షాపుల వీధి షిర్కోగాటన్ అరగంటలో తిరిగెయ్యొచ్చు.

చాలామంది తలెత్తి కూడా చూడని షాపులు కొన్నుంటాయి: రెడ్‌క్రాస్ లాంటి సేవా సంస్థలు నడిపే పాత సామాన్ల దుకాణాలు, వేసవిలో ఇళ్ళ ముందూ షెడ్లలోనూ పెట్టే లొప్పిస్‌లు, అంటే పాత సామాన్ల అమ్మకాలు. రోడ్డు పక్కన చేత్తో రాసిన లొప్పిస్ బోర్డు కనబడితే ఆగండి. పాత పింగాణీ ఇక్కడ కారుచౌకగా దొరుకుతుంది. కప్పు తిప్పి అడుగున ముద్ర చూడండి. లంగరు బొమ్మ ఉంటే గుస్తావ్స్‌బెర్గ్ కంపెనీది, మూడు కిరీటాలుంటే రోర్‌స్ట్రాండ్ కంపెనీది. స్టిగ్ లిండ్‌బెర్గ్ రూపకల్పన చేసిన ఆకుపచ్చ ఆకుల బెర్షో కప్పులకు ఇప్పుడు మంచి గిరాకీ ఉంది, అవి తెలిసినవాళ్ళ చేతిలో పడకముందే మీకు కనబడితే అదృష్టమే. పాత డాలా గుర్రాలు కూడా అప్పుడప్పుడు వస్తాయి. రంగు మాసిపోయి, చెవి కొస విరిగి ఉన్నా, వాటిలో ఒక నిండుతనం ఉంటుంది. మామూలు షాపుల్లో బేరమాడే పద్ధతి లేదు, లొప్పిస్‌లో మాత్రం రెండు మూడు వస్తువులు కలిపి తీసుకుంటూ నవ్వుతూ ఒక మాట అడగొచ్చు. ఒకసారి అడగండి, కాదంటే వదిలెయ్యండి. లోపలికి వెళ్ళగానే హేయ్ అని పలకరించడం ఎక్కడైనా మర్యాద.

పాతికమంది సంగతికి వస్తే, సూపర్‌మార్కెట్‌లో నేను మొదట చూపించేది వంటగది తుడుచుకునే గుడ్డ. నవ్వకండి. చెక్కగుజ్జు, నూలు కలిపి చేసే ఆ పలచని గుడ్డను 1949లో కుర్ట్ లిండ్‌క్విస్ట్ అనే స్వీడిష్ ఇంజినీరు కనిపెట్టాడు. పొడిగా ఉన్నప్పుడు అట్టలా ఉంటుంది, తడపగానే మెత్తబడి నీళ్ళు పీల్చుకుంటుంది, ఉతికి చాలాకాలం వాడొచ్చు. డాలా గుర్రాలు, బెర్రీలు, బర్చ్ ఆకులు అచ్చువేసినవి వస్తాయి. బరువు లేదు, చోటు అక్కర్లేదు, ధర తక్కువ. అమ్మగారి స్నేహితులు, పిన్నులు, అత్తయ్యలు అందరికీ తలా ఒకటి ఇచ్చినా సూట్‌కేసులో ఒక పుస్తకం అంత మందమే అవుతుంది. ఇచ్చిన ప్రతి ఇంట్లోనూ మళ్ళీ వచ్చేటప్పుడు తెమ్మని అడుగుతారు. జునిపర్ చెక్కతో చేసిన వెన్న రాసుకునే కత్తి కూడా మంచి బహుమతి. అది సూపర్‌మార్కెట్‌లో కాదు, చేతిపని షాపులో దొరుకుతుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే మంచి వాసన వస్తుంది.

తినేవాటిలో శాకాహారులు లేబుల్ చదవడం తప్పనిసరి. ఇక్కడి మెత్తటి జెల్లీ మిఠాయిల్లో జెలాటిన్ ఎక్కువగా ఉంటుంది, అది చాలాసార్లు పంది నుంచి తీసినదే. ఎర్రరంగు కోసం కొన్నిట్లో కార్మిన్ వాడతారు, అది పురుగుల నుంచి వచ్చే రంగు. డబ్బాల్లోంచి గరిటతో తీసుకొని తూకం వేయించుకునే మిఠాయి సరదాగా ఉంటుంది గానీ, ప్రతి డబ్బా మీదా ఉన్న చీటీ చదవకుండా అమ్మగారికి పెట్టకండి. బుబ్స్ అనే బ్రాండు మిఠాయిల్లో జెలాటిన్ ఉండదు. నల్లటి ఉప్పు లిక్కరిస్ మాత్రం ఊరికి పట్టుకెళ్ళద్దు, మనవాళ్ళలో దాన్ని రెండో ముక్క తిన్నవాళ్ళను నేను చూడలేదు.

ధైర్యంగా కొనదగినవి చెబుతాను. అల్లం, లవంగం వాసన వచ్చే పలచటి పెప్పర్‌కాకోర్ బిస్కెట్లు రేకు డబ్బాలో ఉన్నవి తీసుకోండి. గుడ్డు లేనివే ఎక్కువ, అయినా ఒకసారి చూసుకోండి. డబ్బా తరవాత పోపుల సామానుకు పనికొస్తుంది. కాఫీ అంటే స్వీడన్ వాళ్ళకు ప్రాణం, గెవాలియా, సోయ్‌గాస్ పొడి ప్యాకెట్లు ఎక్కడైనా ఉంటాయి. చికోరీ కలిపిన ఫిల్టర్ కాఫీకి అలవాటుపడ్డవాళ్ళకు ఇది పలచగా అనిపిస్తుంది, నల్ల కాఫీ తాగేవాళ్ళకు ఇవ్వండి. వాసాలోపెట్ దారిలో స్కీ వీరులకు గోరువెచ్చగా ఇచ్చే బ్లూబెర్రీ సూప్ పొడి రూపంలో ప్యాకెట్లలో దొరుకుతుంది. వేడినీళ్ళలో కలుపుకోవడమే, పిల్లలు ఇష్టంగా తాగుతారు. మోరా నుంచి తెచ్చామని చెప్పుకోవడానికి దానికంటే తగిన తిండి వస్తువు లేదు. రై పిండితో చేసే గట్టి రొట్టె క్నెకెబ్రోడ్‌కు పక్క ఊరు లెక్సాండ్ పేరుమోసింది. అందులో పిండి, నీళ్ళు, ఉప్పు, ఈస్ట్ తప్ప పెద్దగా ఏమీ ఉండదు. అయితే పెద్ద గుండ్రటి రొట్టె సూట్‌కేసులో పొడి అయిపోతుంది, చిన్న ముక్కల ప్యాకెట్ తీసుకోండి. ఒక సీసా లింగన్‌బెర్రీ జామ్, ఖర్చుకు వెనకాడకపోతే యూర్ట్రోన్ జామ్. యూర్ట్రోన్ బురద నేలల్లో తనంతట తాను కాసే బంగారు రంగు పండు, ఏరడం కష్టం, అందుకే ఆ ధర. జామ్ సీసాలు విమానం లెక్కల్లో ద్రవాల కిందికి వస్తాయి కాబట్టి చెక్ఇన్‌లోనే పెట్టాలి.

డబ్బు చెల్లించే దగ్గర చిన్న చిక్కులుంటాయి. చాలా షాపులు నోట్లు తీసుకోవు, కార్డే. అమ్మానాన్నల కార్డు వీసా లేదా మాస్టర్‌కార్డ్ అయి ఉండాలి. విదేశీ వాడకం బ్యాంకు యాప్‌లో ఆన్ చేయించుకొని రమ్మనండి. మిషన్ రూపాయల్లోనా క్రోనార్లలోనా అని అడిగితే క్రోనార్లే నొక్కండి, రూపాయలు నొక్కితే మారకం రేటులో నష్టపోతారు. లొప్పిస్‌లలో స్విష్ అడుగుతారు, అంటే ఫోన్‌తో డబ్బు పంపే యాప్. స్విష్‌కు స్వీడన్ బ్యాంకు ఖాతా కావాలి కాబట్టి అక్కడ మీ ఫోనే ఆధారం.

పన్ను వాపసు గురించి మీరు అడగలేదు, కానీ ఇది మీకు పనికొస్తుంది. ఇక్కడ చేతిపని వస్తువుల మీద 25 శాతం అమ్మకపు పన్ను ఉంది, అది ధర చీటీలోనే కలిసి ఉంటుంది. అంటే మీరిచ్చే మొత్తంలో ఐదో వంతు పన్నే. యూరోపియన్ యూనియన్ బయట నివసించేవాళ్ళు ఒక షాపులో 200 క్రోనార్లు దాటి కొంటే అందులో కొంత భాగం వెనక్కి తీసుకోవచ్చు, మధ్యవర్తి కంపెనీ రుసుము పోగా మిగిలింది చేతికొస్తుంది. మీరు స్వీడన్ నివాసి కాబట్టి మీకు రాదు, ఇండియాలో ఉండే అమ్మానాన్నలకు వస్తుంది. అందుకే గుర్రం, కత్తి లాంటివి వాళ్ళ పేరు మీద కొనండి, పాస్‌పోర్టులు ఆ రోజు వెంట ఉండాలి. చిన్న ఊళ్ళో ప్రతి షాపులోనూ ఈ సౌకర్యం ఉండదు, బిల్లు వేయకముందే ట్యాక్స్ ఫ్రీ ఉందా అని అడగండి. వాళ్ళ విమానం దోహా, దుబాయ్ మీదుగా అయితే స్టాక్‌హోమ్ ఆర్లాండా ఎయిర్‌పోర్టులోనే ముద్ర వేయించుకోవాలి. వస్తువు వాడకుండా ఉండాలి, అడిగితే చూపించాలి. కాబట్టి సామాను చెక్ఇన్ చేయకముందే ఆ పని చూసుకోండి. పెద్దవాళ్ళతో ఆ రోజు ఒక గంట ముందే బయల్దేరితే టెన్షన్ ఉండదు.

సర్దుకునేటప్పుడు గుర్రం చెవులూ కాళ్ళే సున్నితం. పొట్టను కాదు, వాటినే ముందు మెత్తటి బట్టతో చుట్టి, తరవాత సాక్సుల్లో దూర్చి, చీరల మధ్య పెట్టండి. పెద్దదైతే చేతిసంచిలో పెట్టుకోవడమే మంచిది, స్కానర్ దగ్గర దాన్ని ఎవరూ ఆపరు. జామ్ సీసాలను గుర్రాలకు దూరంగా, రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి సూట్‌కేసు మధ్యలో ఉంచండి. ప్రయాణం తేదీలు ఖాయమయ్యాక ఇక్కడ రాయండి. మిడ్‌సొమ్మర్ వారమే అయితే నూస్‌నెస్‌కు ఏ రోజు వెళ్ళాలో, ఏ బస్సు అందుకోవాలో చూసి చెబుతాను.